చేతిలో గ్లాసున్న ఫోటో

నా చెల్లెలి ఫోన్‌లో వేల ఫోటోలున్నాయి. ఒక్కదాంట్లో కూడా ఆమె చీరలో లేదు.

ఈ సంగతి ఆమె పోయిన ఐదో రోజున, సిరొంచలోని ఒక ఫోటో స్టూడియోలో కూర్చున్నప్పుడు బయటపడింది. చెల్లెలు పుణెలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. జ్వరమని ఆసుపత్రిలో చేరి నాలుగో రోజు పోయింది. ముప్పై నాలుగేళ్లు. గడ్చిరోలి జిల్లాలో మా ఊరు అంకిసకు తీసుకొచ్చి మట్టి చేశాం. పదకొండో రోజున పెద్దకర్మ. ఆ రోజుకు ఊరి మొగదల ఫ్లెక్సీ కట్టాలి, ఇంట్లో గోడకు పటం పెట్టాలి. మా నాన్న ఎప్పుడో పోయాడు కాబట్టి ఈ పనులన్నీ ఆయన అన్న, మా పెద్దబాపు నెత్తిన వేసుకున్నాడు. నేను చామోర్షిలో టీచరుని. సెలవు పెట్టి వచ్చి, ఫోన్ పట్టుకొని ఆయన వెంట వెళ్లాను.

స్టూడియో అతను ఫోన్ తీసుకొని వేలితో జరుపుతూ పోయాడు. జీన్స్, టీషర్టు, జీన్స్, కుర్తా. వెనుక ఎప్పుడూ జనం, దీపాలు, బొమ్మలు తగిలించిన తెల్ల గోడలు. చాలాసేపు జరిపాక ఫోన్ బల్ల మీద పెట్టాడు.

"పరేషాన్ లేదు కాకా. ఆధార్ కార్డుల మొఖం తీస్కుందం. చీర నేనేస్త."

కంప్యూటర్ తిప్పి చూపించాడు. తెర మీద తలల్లేని ఆడవాళ్లు నలుగురు. ఒకరికి మెరూన్ రంగు పట్టుచీర, ఒకరికి ఆకుపచ్చ, ఒకరికి పసుపు, పెద్ద వయసు వాళ్లకు తెల్లది. పక్కన తలల్లేని మగవాళ్లు, కోట్లు తొడుక్కొని.

"మెరూన్ మంచిగుంటది. మొన్న మీ వాడకట్టుల పోయిన ఆమెకు గదే ఏసినం," అన్నాడు.

నాకు ఆ చీర తెలుసు. మా వాడలో చనిపోయిన ఆడవాళ్లలో సగం మంది ఆ చీరలోనే గోడల మీద ఉన్నారు. ఒకే భుజం, ఒకే మడతలు, ఒకే నెక్లెసు. మీద మాత్రం వేరే వేరే తలలు. మా ఇంట్లో నాన్న కూడా అలాగే ఉన్నాడు. ఉపాధి పని కార్డు మీది మొహం, కింద నీలం కోటు. నాన్న జన్మలో కోటు తొడగలేదు. ఆయన పోయినప్పుడు నేను డీఎడ్ చదువుతున్నాను. పటం బాగుందనే అన్నాను. పదిహేడేళ్లుగా ఆ కోటునే చూసి చూసి, ఇప్పుడు కళ్లు మూసుకుంటే నాన్న మొహం కింద కోటే వస్తుంది. కావడి మోసిన మనిషికి భుజాలు ఎలా ఉండేవో నాకు గుర్తు రాదు. అవి పోయాయి. వాటిని పోగొట్టింది చావు కాదు, ఆ పటం.

అందుకే ఆ రోజు స్టూడియోలో నేను అడ్డం పడ్డాను. చెల్లెలిని కూడా అలా పోగొట్టుకోదలచుకోలేదు.

"చీర వద్దు. ఉన్న ఫోటోనే పెట్టండి," అన్నాను.

పెద్దబాపు నా వైపు చూశాడు. "ఉన్నయేందో చూస్తివి గద బిడ్డా. ఒక్కటన్న పది మందికి సూపెట్టేటట్టు ఉన్నదా?"

ఉన్నాయి. అవేమిటో నాకు ఒక్కదానికే తెలుసు. చాలావాటిలో నేను పక్కనే ఉన్నాను.

సెలవులొస్తే నేను బల్లార్షా దాకా బస్సులో పోయి, అక్కడ రైలెక్కి పుణెకు పోయేదాన్ని. చెల్లెలిది ఒక్క గది. వారంలో ఆరు రోజులు సూదులు గుచ్చి, ఆదివారం ఆమె ఊరి మీద పడేది. పేపర్లో ఏ కచేరీ ఉందో, ఏ హాల్లో ఎవరి బొమ్మలు పెట్టారో చూసి గుర్తు పెట్టుకునేది.

మొదటిసారి నన్ను తీసుకెళ్లింది ఒక శాస్త్రీయ సంగీత కచేరీకి. చలికాలం. పెద్ద మైదానం, మీద పందిరి. ముందు సోఫాలు, కుర్చీలు, వెనక నేల మీద పరచిన జంపఖానాలు. మేం నేల మీది వాళ్లం. చుట్టూ శాలువాలు కప్పుకున్న పెద్దవాళ్లు, చేతి మీద తాళం వేస్తున్నారు. పక్కనున్న ఒకామె మాది ఏ ఊరని మరాఠీలో అడిగింది. గడ్చిరోలి అన్నాం. ఆమె మొహంలో జాలి కనిపించింది. అక్కడ నక్సలైట్ల భయం వెయ్యదా, మీరు ఆదివాసులా అంది. చెల్లెలు మరాఠీలోనే చెప్పింది, కాదు, తెలుగువాళ్లం, కూలివాళ్లం అని. ఆమె శాలువా సర్దుకొని వేదిక వైపు తిరిగింది. గాయకుడు ఒక్క స్వరం దగ్గరే చాలాసేపు ఉన్నాడు. చూస్తే చెల్లెలు నా భుజం మీద నిద్రపోతోంది.

బయటికి వచ్చాక అడిగాను. "నిద్ర వోయేదానివి ఎందుకు తోల్కొచ్చినవే?"

"ఈడ నిద్ర మంచిగొస్తదక్కా."

"గదిల రాదా?"

"గదిల ఫుకట్‌గ వస్తది. ఊర్ల భజన వెడితే మనను గుడి మెట్ల కాడ్నే ఆపుతుండిరి, యాదికున్నదా? ఈడ టికెట్ కొన్న. కూసుంట, పండుకుంట, నా ఇష్టం."

నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ తర్వాత ఆమె నిద్రపోకుండా విన్న కచేరీలు కూడా ఉన్నాయి. ఒకసారి సారంగి విని, బస్టాపు దాటిపోయింది కూడా చూసుకోకుండా నడిచింది. కానీ సంగీతం తెలుసని ఎప్పుడూ చెప్పుకోలేదు. తెలియని చోట కూడా కూర్చోవచ్చు అన్నంత వరకే ఆమె వాదం.

బొమ్మల ప్రదర్శనకు పోయినరోజు వాచ్‌మన్ ఒక గది నుంచి ఇంకో గదికి మా వెంటే వచ్చాడు. మిగతా వాళ్ల వెంట పోలేదు. చెల్లెలు అతనికి నమస్తే పెట్టి, ఏ బొమ్మ బాగుందో మీరే చెప్పండి, రోజూ చూసేది మీరే కదా అంది. అతను బిత్తరపోయి, వెనకాల రావడం మానేశాడు.

ఆ గదిలో ఒక పెద్ద చిత్రం ఉంది. నాట్లు వేస్తున్న ఆడవాళ్లు, ఎర్ర చీరలు, నీళ్లలో ఆకాశం. దాని ముందు ఆమె చాలాసేపు నిలబడింది. చిత్రకారుడు అక్కడే ఉన్నాడు, ఎవరితోనో మాట్లాడుతున్నాడు. చెల్లెలు పోయి ఆయన్ని పిలుచుకొచ్చింది. వీళ్లు ముందుకు నడుస్తున్నారు, నాటేవాళ్లు వెనక్కి నడుస్తారు, ముందుకు నడిస్తే పెట్టిన నారు తొక్కుతారు అంది. ఆయన నవ్వి, బొమ్మ అమరిక కోసం అలా వేశానని చెప్పాడు. చెల్లెలు ఫోను నాకిచ్చి, జీన్స్ మోకాళ్ల దాకా మడిచి, ఆ నున్నటి నేల మీద వంగింది. ఎడమ చేతిలో లేని నారుకట్ట పట్టుకొని, కుడి చేత్తో నాటుకుంటూ గోడ దాకా వెనక్కి పోయింది. జనం చూశారు. వాచ్‌మన్ కూడా చూశాడు. ఆ ఫోటోలో ఆమె నడుం, జుట్టు తప్ప మొహం లేదు.

అవన్నీ స్టూడియోలో బల్ల మీది ఫోన్‌లో ఉన్నాయి. నేను జరుపుకుంటూ పోయి ఒక దగ్గర ఆగాను. మొహం తేటగా ఉన్నది, వెలుతురు సరిగ్గా పడినది, ఆమె ఒక్కతే ఉన్నది అదొక్కటే. తీసింది నేనే. బీరు పండుగలో.

పుణె అంచున ఒక మైదానంలో రెండు రోజులు చేస్తారు. లోపలికి పోతే చేతికి కాగితం పట్టీ కడతారు. రకరకాల బీరు కొట్లు, మధ్యలో పాటల వేదిక. నేను భయపడుతూనే పోయాను. మా జిల్లాలో మందు బందై చాలా ఏళ్లయింది. సీసా దొరికితే కేసు. పెర్మిలి వైపు ఇంట్లో ఇప్పసారా కుండ దొరికిందని ఆడవాళ్లను కోర్టుల చుట్టూ తిప్పడం నేను చూశాను. ఇక్కడ పిల్లల బండ్లు తోసుకుంటూ మొగుడూ పెళ్లాలు తిరుగుతున్నారు. పోలీసు కూడా ఉన్నాడు, ట్రాఫిక్ చూసుకుంటున్నాడు.

"మన కాడ గిది పాపం. ఈడ పండుగ. మూడు నూర్ల కోసుల్ల గింత మారుతదా అక్కా?" అంది.

"నువ్వు తాగుడెందుకు మరి?"

"దొరల బిడ్డలు తాగితె షోకు. మనం తాగితె తాగుబోతులం. నేను షోకుకే తాగుత."

ఒక్క గ్లాసు తీసుకుంది. గంటసేపు తాగింది. నేనూ రెండు గుక్కలు తాగాను. చేదు. నా మొహం చూసి ఆమె నవ్వింది, గ్లాసు భుజం దాకా ఎత్తి, పై వంకర పన్ను కనబడేలా నోరు తెరిచి. అప్పుడు తీశాను.

ఆ ఫోటో చూసి స్టూడియో అతను కూడా ఒప్పుకున్నాడు. "ఫోటో జబర్దస్తున్నది మేడం. గని గ్లాసు." గ్లాసు ఉన్న చోట వేలు పెట్టాడు. "కట్ చేస్తె భుజం పోతది. ఒక పని చేస్త. గ్లాసు తీసేసి కొబ్బరిబోండం పెడ్త. స్ట్రా గూడ ఏస్త."

"వద్దు."

"చాయ్ కప్పు?"

"వద్దు. ఎట్లున్నది గట్లనే."

పెద్దబాపు లేచి నిలబడ్డాడు. ఆయన నెమ్మదైన మనిషి. గొంతు పెంచలేదు.

"బిడ్డా, మా నాయిన దొర ముంగట అంగీ విప్పి నిలవడ్డడు. చచ్చెదాంక విప్పిండు. నా తమ్ముడు పోతె, కోటు తొడిగి గోడకు పెట్టిచ్చిన. ఊరోళ్లు ఇంట్లకొస్తె కోటు సూడాలె అని పెట్టిచ్చిన. తప్పు చేసిన్నా?"

ఇన్నేళ్లు ఆ కోటును స్టూడియో వాళ్ల పనితనం అనుకున్నాను. పెద్దబాపు కోపం అందులో ఉందని నాకు తోచలేదు. ఆయన తమ్ముడికి ఇవ్వగలిగింది ఇచ్చాడు.

"తప్పు కాదు పెద్దబాపు. బాపుకు అంగీ లేకుండె, నువ్వు తొడిగినవు. దీనికి అన్ని ఉన్నై. అదే కొనుక్కున్నది, అదే తొడుక్కున్నది. ఇప్పుడు మనం విప్పి వేరేది తొడుగుడేంది?"

"సచ్చినదానికి సీర పెడ్తె విప్పుడంటవా?"

"ఔ. విప్పుడే."

ఆయన బయటికి పోయి బండి దగ్గర నిలబడ్డాడు. స్టూడియో అతను మౌస్ కదపకుండా నా మొహం చూస్తున్నాడు. కింద ఏం రాయాలని అడిగాడు. మాటలు కూడా చీరల్లాగే తయారుగా ఉన్నాయి. నింగికెగసిన తార, అశ్రునయనాలతో, మీ జ్ఞాపకాల వెలుగులో. అన్నీ తీయించాను. పుట్టిన రోజు, పోయిన రోజు, రక్తపరీక్షల ల్యాబులో పని, తల్లి, అక్క. అంతే రాయించాను. మరీ బోడిగా ఉంది మేడం అన్నాడు. ఉండనీయండి అన్నాను.

ఫ్లెక్సీ కట్టిన పొద్దున మా వాడ ఆడవాళ్లు దాని కింద గుమిగూడారు. నేను కొంచెం దూరంలో నిలబడి విన్నాను.

"గా చేతిల ఏందే, లస్సీనా?"

"లస్సి తెల్లగుంటది. గిది పచ్చగున్నది."

"సెరుకురసమేమో."

"నురుగు సూడు. సెరుకురసానికి గంత నురుగా?"

నన్ను చూసి ఊరుకున్నారు. మాకు వరుసకు చిన్నమ్మ అయ్యే ఆమె నన్ను పక్కకు లాగింది. "అడిగితె సెరుకురసం అని చెప్పు. సచ్చినదాన్ని బద్నాం చెయ్యకు. రేపు నీకు గూడ పేరొస్తది."

"బీరు చిన్నమ్మా. నేను గూడ తాగిన," అన్నాను.

ఆమె చెయ్యి వదిలేసింది.

అమ్మ మధ్యాహ్నం వచ్చింది. పది రోజులుగా వాకిలి దాటలేదు. ఎవరూ చెయ్యి పట్టుకోకుండా నడిచి వచ్చి, ఎండలో తల ఎత్తి చూసింది. నేను ఏదంటే అది పడడానికి సిద్ధంగా ఉన్నాను. అమ్మ గ్లాసు గురించి అడగలేదు.

"పన్ను కనవడుతంది," అంది.

"ఔనమ్మా."

"నవ్వకు, పన్ను కనవడ్తదని తిడుతుంటి నేను. నోటికి చెయ్యడ్డం పెట్టుకుంటుండె." కాసేపు చూసింది. "ఆడికి పోయినంక పెట్టుకోలే."

ఆ తర్వాత అక్కడ ఏమేం ఉంటాయో చెప్పమంది. ఫ్లెక్సీ నీడలోనే కూర్చొని చెప్పాను. కచేరీలో నిద్ర, బొమ్మల దగ్గర నాటు, మైదానం, కాగితం పట్టీ. ముందుకు నడిచే నాటు సంగతి చెప్పినప్పుడు ఆడవాళ్లంతా నవ్వారు. అమ్మ కూడా. ఒకామె, మరి గా బొమ్మ దిద్దిండా ఆయన, అని అడిగింది. తెలియదన్నాను.

పెద్దబాపు పెద్దకర్మకు వచ్చాడు. చెయ్యాల్సినవన్నీ చేశాడు. భోజనాల దగ్గర ఫ్లెక్సీకి వీపు పెట్టి కూర్చున్నాడు.

పటం ఇప్పుడు అమ్మ గదిలో ఉంది. బంధువుల్లో ఇద్దరు మా ఇంటికి రావడం తగ్గించారు. చామోర్షిలో తోటి టీచరు ఒకరు, అలాంటి ఫోటో పెట్టినవారు పిల్లలకు ఏం నేర్పుతారని వెనకాల అన్నట్టు తెలిసింది. అడగదలిస్తే నన్నే అడగమని కబురు పంపాను. అడగలేదు.

పోయిన నెల పెద్దబాపు చింతలపల్లి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఇద్దరూ అమ్మ గదిలో కూర్చున్నారు. నేను వంటింట్లో చాయ్ పెడుతున్నాను. వచ్చినాయన గోడ చూసి, బిడ్డ చేతిల ఏందని అడిగాడు.

"లస్సి," అన్నాడు పెద్దబాపు.

నేను చాయ్ తీసుకెళ్లి ఇద్దరికీ ఇచ్చాను. "బీరు పెద్దబాపు," అన్నాను.

వచ్చినాయన చాయ్‌లోకి చూసుకున్నాడు. పెద్దబాపు నన్నే చూశాడు.

"నీకు జర సిగ్గన్న లేదు."

"లేదు పెద్దబాపు."

ఆయన ఒక గుక్క తాగి, చక్కెర తక్కువైంది, ఇంకో చెంచా తెమ్మన్నాడు.