ఆ పిల్ల ఆమెకేమైతది?

మాది బయ్యారం. ఇనుపరాయి గని పని మీద ఆఫ్రికాల సియెర్రా లియోన్ పోయినప్పుడు, షేర్ టాక్సీల నా పక్కన ఒకామె కూసుంది. ఆమె ఒళ్లె పదేండ్ల పిల్ల.

"మా అన్న బిడ్డ. చదువుకోనీకి నా దగ్గర పెట్టిన్రు," అన్నది. ఊరి పిల్లల్ని పట్నంల చుట్టాలింట్ల ఉంచి చదివించుడు అక్కడి ఆనవాయితట. ఆ దేశంల అంతర్యుద్ధమైనంక అదే మాట చెప్పి పిల్లల్ని అమ్ముకునేటోళ్లు గూడ ఎక్కువైన్రని మా గని డ్రైవర్ అంతకుముందే చెప్పిండు.

"ఏ క్లాసు బిడ్డా?" అని అడిగిన. పిల్ల ఆమె మొఖం చూసింది.

"వచ్చే ఏడు బడికి పంపుత," అన్నది ఆమె.

పిల్ల అరచేతులు సబ్బునీళ్లకు పగిలి ఉన్నయి. ఆ చేతులనే ఆమె సొంత బిడ్డవి లెక్క పావురంగ నిమురుతున్నది. నాకేం సమజ్ కాలె.

చెక్‌పోస్టు కాడ పోలీసు ఆమెను అడిగినంక, ఆమె పక్కన కూసున్న నన్ను గూడ అడిగిండు: "ఈ పిల్ల ఆమెకేమైతది?"

నా అనుమానం చెప్పుదామని నోరు తెరిచిన, అంతల మా ఇల్లు యాదికొచ్చింది. చిన్నప్పుడు మా ఇంట్ల తండా నుంచి తెచ్చిన పిల్ల అంట్లు తోమేది. "ఇంటి పిల్ల లెక్కనే, వచ్చే ఏడు బడికి పంపుతం," అనేది అమ్మ. ఆ పిల్లకు జరమొస్తే అమ్మ పక్కనే కూసునేది. బడికి మాత్రం నేనొక్కన్నే పోయిన.

"తెల్వదు సార్," అన్న. టాక్సీ కదిలింది.

ఆ పిల్ల ఆమెకేమైతదో నాకెట్ల తెలుస్తది? మా ఇంట్ల అంట్లు తోమిన పిల్ల మాకేమైతదో నాకిప్పటికీ తెల్వదు.