ముహూర్తం షాట్ తర్వాత

మొన్న ఉదయం ఫిల్మ్‌నగర్‌లో నడుస్తుంటే ఒక గేటు లోపల కొత్త సినిమాకు ముహూర్తం జరుగుతోంది. కొబ్బరికాయ పగిలిన చప్పుడు, కర్పూరం వాసన, క్లాప్ కొట్టగానే చప్పట్లు. సుజాత మేడం గుర్తొచ్చారు.

జూబ్లీహిల్స్‌లో ఒక మేడమీద మా చిన్న కంపెనీ ఉండేది. క్వాంటమ్ కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసేవాళ్లం. యంత్రం మాత్రం విదేశంలో ఉండేది; ఇంటర్నెట్ ద్వారా వాడుకునేవాళ్లం. ఫిజిక్స్ పాఠాలు చెప్పే ఉద్యోగం మానుకుని మేడం ఆ కంపెనీ పెట్టారు. మందుల్లోని అణువుల నడకను మామూలు కంప్యూటర్లు పూర్తిగా లెక్కకట్టలేవు, ఎప్పటికైనా క్వాంటమ్ యంత్రం కడుతుందని ఆమె ఆశ. చిక్కల్లా ఏమిటంటే, కాస్త వేడి తగిలినా లెక్క చెదిరిపోతుంది. ఒకసారి నన్ను పక్కనున్న డబ్బింగ్ థియేటర్‌కు తీసుకెళ్లారు. టేక్ మధ్యలో ఎవరో కుర్చీ జరిపితే డైలాగు మొత్తం మళ్లీ చెప్పించారు.

"చూసినవా రవీ? గీడ తప్పు చెవికి వినవడ్డది. మన దాంట్ల తప్పయినట్టు గూడ తెల్వదు. దాన్ని పట్టుకునుడే మన అసలు పని," అన్నారు.

జీతాలు ఆగిపోయే సమయానికి డబ్బు పెడతానంటూ ఒక నిర్మాత వచ్చారు. ఆ వారం యంత్రం ఇచ్చిన జవాబులన్నీ గజిబిజిగా ఉన్నాయి. నేను ఒక చిన్న అణువు లెక్కను మామూలు కంప్యూటర్ మీద చేయించి, వచ్చిన నున్నటి గ్రాఫు గీతను మా యంత్రం జవాబేనన్నట్టు తెర మీద పెట్టాను. మేడంకు చెప్పలేదు.

"బావుందండీ. మరి రిలీజెప్పుడు?" అన్నారాయన.

"రెండేళ్లలో సార్," అన్నాను.

మేడం తెర వైపే చూస్తున్నారు. "ఇంత సాఫుగ ఎట్లొచ్చింది రవీ?"

నేను గబగబా తర్వాతి పేజీకి మార్చాను. ఆమెకు అర్థమైంది.

"సార్, ఇది మామూలు కంప్యూటర్ లెక్క. అసలుది ఇంక గిట్ల రాదు. మేం ముహూర్తం షాటే తీసినం. రిలీజ్ ఎప్పుడో నాకు తెల్వదు."

నిర్మాత కాఫీ కప్పు కింద పెట్టారు. "మొదటే ఈ మాట చెప్పుంటే ఆలోచించేవాణ్ణండీ. ఇప్పుడు ఏది నమ్మమంటారు?"

ఆయన వెళ్లాక మేడం నన్ను తిట్టలేదు. "ముహూర్తం షాట్ ఉత్తదేనని అందరికీ తెలిసే తీస్తరు. నువ్వు తెల్వకుండ తీసినవ్," అని ప్రొజెక్టర్ ఆపేశారు. కొద్ది రోజులకే కంపెనీ మూతపడింది. ఆమె మళ్లీ పాఠాలు చెప్పడానికి వెళ్లిపోయారు. క్షమించమని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇప్పుడు మరో ఆఫీసులో అదే పని చేస్తున్నాను. యంత్రాలు మెరుగుపడ్డాయి, తప్పుల్ని పట్టుకోవడం కొంత నేర్చుకున్నాం. రోజువారీ వాడకం మాత్రం ఇంకా దూరమే. గజిబిజి గీతనే తెర మీద పెడతాను. ఎప్పుడు వస్తుందని ఎవరైనా అడిగితే, తెలియదని చెబుతాను. ఆ ఒక్క మాటకు ఇప్పటికీ గొంతు సవరించుకోవాల్సి వస్తుంది.