అవ్వ ఒళ్లో రెండు కళ్ల డబ్బా

దయ్యాల మాట ఎత్తితే నాకు మొదట కోపం వస్తుంది. భూపాలపల్లిలో మేము కిరాయికి ఉన్న ఇంటి యజమాని మమ్మల్ని ఖాళీ చేయించాలని, పై గదిలో ఎవరో తిరుగుతుంటారని చెప్పాడు. అట్లయితే ఆ తిరిగే మనిషి వాటా కిరాయి కూడా నా దగ్గరే ఎందుకు తీసుకుంటున్నావని అడిగాను. ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇప్పటికీ బజారులో ఎదురైతే మొహం తిప్పుకొని పోతాను.

నేను అలాంటివాణ్ణి. ఎవరు ఏమన్నారో, ఎక్కడ అన్నారో, ఆ పూట ఏ చొక్కా వేసుకున్నారో కూడా నాకు గుర్తుంటుంది. ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా నేను రాసిన నోట్ల కంటే ఇతర ఆఫీసులకు పెట్టిన ఫిర్యాదులే ఎక్కువని మా వాళ్లు నవ్వుతారు. నవ్వనీ. అలాంటి మనిషి చెబుతున్న సంగతి ఇది. దీన్ని నేను నమ్మమని అడగడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

మా సొంత ఊరు మానుకోట. కాగితాల మీద మహబూబాబాద్. మేము అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. బాపు ఫొటోలు తీసేవాడు. స్టూడియో ఏమీ లేదు. శివరాత్రికి కురవి జాతరలో గుడి దారి పక్కన ఒక తెర కట్టేవాడు. తెర మీద రెండు కొండలు, ఒక చందమామ, ఒక విమానం. వచ్చినవాళ్లందరికీ ఆ విమానం తమ తల మీదుగా పోతున్నట్టు రావాలని కోరిక.

బాపు దగ్గర ఉన్నది రెండు లెన్సుల పాత కెమెరా. జాతరలో అందరూ దాన్ని రెండు కళ్ల డబ్బా అనేవాళ్లు. పై కన్ను చూడటానికి, కింది కన్ను ఫొటో తీయడానికి. దాన్ని కంటికి ఆనించుకోరు. కడుపు దగ్గర పట్టుకొని, పైన మూత తెరిచి, తల వంచి లోపలి గాజు పలకలోకి చూస్తారు. ఆ పలకలో ఎదుటి మనిషి తల పైనే, కాళ్లు కిందే ఉంటాయి గానీ, అద్దంలో లాగా కుడి ఎడమ, ఎడమ కుడి అవుతాయి. నీ ఎడమ చేతి గడియారం అందులో కుడిచేతికి ఉన్నట్టు కనబడుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి.

ఇంత మందికి ఫొటోలు తీసిన బాపుకు ఫొటో లేదు. రీలులో ఉండే పన్నెండూ వచ్చినవాళ్లకే సరిపోయేవి. ఒక జాతర చివరి రోజు మాత్రం ఒకటి మిగిలింది. అవ్వకు డబ్బా పట్టుకోవడం నేర్పి, తాను పోయి తెర ముందు నిలబడ్డాడు. భుజం మీద తువ్వాల, బిగుసుకుపోయిన మొహం. అవ్వ మీట నొక్కింది.

ఆ రీలు కడగకముందే జనగామ నుంచి మా చిన్నాయిన, అంటే బాపు తమ్ముడు, వచ్చాడు. బచ్చన్నపేటలో పెళ్లి ఉంది, డబ్బా ఒకసారి ఇయ్యి అన్నాడు. బాపు రీలుతో సహా ఇచ్చాడు. చిన్నాయిన దాన్ని బస్సులో మరిచిపోయాడు.

ఆ మరుసటి వానాకాలంలో బాపు జ్వరంతో పోయాడు. దినాల నాడు దండ వేయడానికి పటం లేదు. కుర్చీలో ఆయన తువ్వాల పరిచి, దాని మీద దండ వేశారు. తువ్వాలకు మొక్కాను నేను. అప్పటి నుంచి నేను చిన్నాయిన ఇంటి గడప తొక్కలేదు.

ఏళ్లు గడిచాయి. అవ్వ మానుకోటలోనే అక్క దగ్గర ఉండేది. నీటికాసులతో ఆమె చూపు మెల్లగా పోయింది. టార్చి వేసినా తెలియడం లేదని పెద్ద దవాఖానలో డాక్టరు నా ముందే అన్నాడు. ఒకసారి నేను పోయినప్పుడు అవ్వ నా మొహం తడిమి, "మీ బాపు మొకం యాదికొస్తలేదు బిడ్డా. పలకల చూసినంక మల్ల చూడకపోతి" అంది. జీవితమంతా చూసిన మొహం కాక, ఆ గాజు పలకలో చూసిన ఒక్క మొహమే ఆమెకు లెక్క.

అట్లాంటి డబ్బా ఒకటి కొనాలని అప్పుడు అనుకున్నాను. కొని ఏం చేస్తానో నాకే తెలియదు. ఆమె ఒళ్లో పెట్టాలని మాత్రం ఉండింది.

భూపాలపల్లిలో రిటైరైన గని కార్మికుడి ఇంట్లో ఒకటి దొరికింది. పైకి నిగనిగలాడుతోంది. కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే లెన్సు లోపల సాలెగూడు లాగా బూజు. దాన్ని వదిలేసి హైదరాబాదులో ఒక షాపుకు పోయాను. "గిది ఎంత?" అని అడిగితే, కౌంటరులోని కుర్రాడు పక్కవాడితో సినిమాలో జోకరు అన్నట్టు "గిది గంత" అని నవ్వాడు. కొనకుండా వచ్చి, యజమానికి ఉత్తరం రాశాను. జవాబు లేదు. తెలంగాణ ఎందుకు కావాల్సి వచ్చిందని ఎవరైనా అడిగితే నేను పెద్ద పెద్ద కారణాలు చెప్పను. ఆ నవ్వు గురించి చెబుతాను.

చివరికి జనగామ స్టేషను దగ్గర ఖాదర్ భాయ్ దుకాణంలో దొరికింది. జపాన్ డబ్బా. తోలు అక్కడక్కడ లేచింది. వెలుతురు కొలిచే మీటరు పనిచేయదు. వెనుక తలుపు తీసి ఆకాశం వైపు పట్టి చూశాను, లెన్సు శుభ్రం. ఖాదర్ భాయ్ షట్టరు అన్నిటికంటే నిదానంగా పెట్టి నా చెవి దగ్గర వినిపించాడు. ఎక్కడా తట్టుకోకుండా సన్నగా గురక పెట్టి మూసుకుంది.

"మీటర్ ఖరాబైంది సార్, గందుకే మీదాక వచ్చింది" అన్నాడు ఖాదర్ భాయ్. "మంచిగుంటే పట్నపోల్లు ఎప్పుడో ఎత్తుకపోదురు."

నాకు మీటరు అక్కర్లేదు. బాపు నేల మీది నీడను చూసి వెలుగు చెప్పేవాడు. నాకూ అదే వచ్చు.

డబ్బు ఇచ్చేటప్పుడు మాది మానుకోట అని, బాపు కురవి జాతరలో ఫొటోలు తీసేవాడని చెబితే ఖాదర్ భాయ్ మరో మాట అన్నాడు. "మీ చిన్నాయిన గూడ వస్తుంటడు. గిసొంటి డబ్బా ఏది వచ్చినా తిప్పి చూస్తడు. మూలకు సైకిల్ ట్యూబు అతుకు ఉన్నదా అని అడుగుతడు. లేదంటే పోతడు. కొనడు."

బాపు డబ్బాకు మూలన తోలు చిరిగితే సైకిల్ ట్యూబు ముక్క అతికించి ఉండేది. చిన్నాయిన ఇన్నేళ్లుగా దాన్ని వెతుకుతున్నాడని నాకు తెలియదు. వెతకనీ అనుకున్నాను. ఆయన వీధి తగలకుండా చుట్టు తిరిగి స్టేషనుకు పోయాను.

నేను కొన్నదానికి అతుకు లేదు. తోలంతా తడిమి చూశాను. అది బాపు డబ్బా కాదు. కథ అల్లేవాళ్లయితే అదే అని రాసేవాళ్లు. నేను రాయను.

డబ్బా పట్టుకొని మానుకోట చేరేసరికి సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసు లేదు, బస్సు లేదు. అక్కడే ఉండిపోయాను. అక్క డబ్బాను చూసి, "ఫోన్లనే ఫొటోలొస్తుంటే గీ ఇనుప డబ్బేంది రా? దీనికి గూడ సర్కారుకు దరఖాస్తు పెట్టి తెచ్చినవా?" అంది. అదీ గుర్తుంది.

ఒక మధ్యాహ్నం మా వీధి చివర రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, పెద్ద గుండిగలలో అన్నం, పప్పు. ఒక పక్క ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. అవ్వ తనను కూడా తీసుకుపొమ్మంది. కుర్చీ వేసి రోడ్డు పక్కన నీడలో కూర్చోబెట్టాం. నేను అక్కను ఒక ఫొటో తీశాను. మీట చప్పుడు విని అవ్వ చేతులు చాపింది. డబ్బాను ఆమె ఒళ్లో పెట్టాను.

ఆమె దాన్ని తడమలేదు. నేరుగా మూత తెరిచింది. బాపు ఎండ పడకుండా తువ్వాల కప్పుకొని చూసినట్టు, కొంగును తల మీది నుంచి డబ్బా మీదికి లాక్కుంది. "జర ముంగటికి పోయి నిలవడు" అంది. ఆమె ముచ్చట తీరుతుందని పోయి పొయ్యిల ముందు నిలబడ్డాను. అక్క ఆమె కుర్చీ పక్కనే ఉంది.

కొంగు కింది నుంచి అవ్వ నన్ను అడిగింది. "వీరన్నా, గడియారం కుడిచేతికి ఎప్పటిసంది పెడుతున్నవు రా?"

నా గడియారం ఎడమ చేతికే ఉంది. చదువుకునే రోజుల నుంచీ ఎడమకే. అక్క నా వైపు చూసింది. పొగ అడ్డం వచ్చినా ఆమె కళ్లు పెద్దవి కావడం కనిపించింది.

అవ్వ డబ్బా పక్కనున్న గుండ్రటి మర ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది, ఆగింది. ఆ తర్వాత ఎంతో మామూలుగా, పక్కింటి మనిషిని మందలించినట్టు అంది. "గట్ల బిగుసుకపోతవేంది? అప్పుడు గూడ గిట్లనే నిలవడితివి. ఊపిరి ఇడువు."

ఆ మాట నాతో కాదు. బాపుతో తప్ప ఎవరితోనూ ఆమె అంత చనువుగా మాట్లాడదు.

నా పక్కన ఎవరూ లేరు. చల్లగాలి రాలేదు, వాసన రాలేదు, భుజం మీద చెయ్యి పడలేదు. పొయ్యి వేడి తప్ప నాకేమీ తెలియలేదు. ఉరికిపోయి ఆ కొంగు ఎత్తి పలకలోకి చూడాలని ఒళ్లంతా లాగింది. కాలు కదిలించబోయాను.

"కదలకు బిడ్డా" అంది అవ్వ. "నువ్వు కదిలితే ఆయన గూడ పోతడు."

నేను కదలలేదు. ఎవరైనా నన్ను ఆపితే ఎందుకని అడగకుండా ఊరుకోవడం నా జన్మలో అదొక్కసారే. ఆమె చూసినంతసేపు నిలబడ్డాను. బతుకమ్మ పాట ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలైంది. అప్పుడు మీట నొక్కిన చప్పుడైంది. అవ్వ మూత పెట్టి, కొంగు తీసి, మొహం తుడుచుకుంది. "యాదికొచ్చింది" అంది. ఆ పూట రెండుసార్లు పప్పన్నం అడిగి తింది.

అక్క తర్వాత నచ్చజెప్పింది. అవ్వకు జాతర నాటిది మనసులో మెదిలి ఉంటుంది, దాన్నే చూసినట్టు అనిపించి ఉంటుంది అని. ఒప్పుకుంటాను. మరి నా గడియారం? జాతర నాటికి నాకు గడియారమే లేదు. ఊహించి చెప్పే మనిషి ఎడమ అనే చెబుతుంది. కుడి అని చెప్పాలంటే ఆ పలకలోకి చూసి తీరాలి. అవ్వనే అడిగాను, ఎట్ల కనబడిందని. "కండ్లతోటి చూసిన్నో, దేనితోటి చూసిన్నో నాకేం ఎరుక" అంది.

సమ్మె అయిపోయాక ఖాదర్ భాయ్ ఆ రీలు కడిగి ఇచ్చాడు. ఫొటోలో బాపు లేడు. నేను ఉన్నాను. ఎక్కడా మసక లేదు, చొక్కా గుండీలు కూడా తెలుస్తున్నాయి. అయితే నేను నడుమ లేను. ఒక పక్కకు ఉన్నాను. నా పక్కన ఒక మనిషి నిలబడేంత జాగా వదిలి ఉంది.

రాష్ట్రం వచ్చిన తర్వాతి ఏడాది అవ్వ పోయింది. చిన్నాయిన వచ్చాడు. బాగా వంగిపోయాడు. గోడకు పెట్టిన ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను అక్కను గట్టిగా అడిగి కనుక్కున్నాను. ఆయన బొటనవేలు ఆ ఖాళీ మీద పెట్టి, "ఈడ అన్నను నిలవెట్టినట్టే ఉన్నది గద రా" అన్నాడు.

నేను పోయి ఆయనకు కుర్చీ తెచ్చి వేశాను. డబ్బా పోగొట్టిన సంగతి నేను మరిచిపోయానని కాదు. మరిచిపోలేదు.

ఆ తర్వాత ఆ పలకలోకి ఎన్నోసార్లు తల వంచి చూశాను. ఎదుట ఉన్నవే తారుమారుగా కనబడతాయి. అంతకు మించి ఏమీ లేదు. అవ్వ ఎట్లా చూసిందో ఇప్పటికీ నాకు అంతుబట్టదు. కానీ ఒక్క బాధ మాత్రం పోదు. అన్నేళ్లకు వచ్చినవాడు నా పక్కనే నిలబడి అవ్వకు కనబడ్డాడు, నాకు కనబడలేదు. జీవితంలో ఎన్నో ఫిర్యాదులు రాశాను. ఈ ఒక్కటి ఎవరి పేరు మీద రాయాలో తెలియక అట్లాగే ఉంచుకున్నాను.