మూడు ఊళ్ళ ద్రాక్షారసం

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. ఆ రోజు నాకు మత్తెక్కలేదు. ఆ రోజుల్లో కొత్త కోడలు గట్టిగా నోరు తెరిస్తే ఎండదెబ్బ అనో, జ్వరమనో జనం ఏదో ఒక కారణం వెతికేవారు. నాకు దొరికిన కారణం ద్రాక్షారసం.

బెజవాడలో మా చర్చికి, గుడంతా రొట్టె, రసం పంచుకునే ప్రభువు బల్ల కోసం ఎండుద్రాక్ష నానబెట్టి తియ్యటి రసం తీసే ముసలమ్మ ఆ వేసవిలో కన్నుమూసింది. ఆ తర్వాత ఎవరో పెట్టిన జాడీ పులిసి మూత ఎగరగొట్టింది (గోడమీద ఆ మరక చాలాకాలం ఉంది). పక్క ఊళ్ళలో ఎలా చేస్తారో చూసి రమ్మని, సంఘ కార్యదర్శి అయిన మావారికి పని అప్పగించారు. దారి చూపించడానికి సంఘ పెద్ద, రిటైరైన మాస్టారు, గొడుగుతో బయల్దేరారు. "అమ్మాయిని కూడా తీసుకురావయ్యా, రేపు చెయ్యాల్సింది తనేగా" అన్నారాయన. పెళ్ళయ్యాక నాకదే మొదటి షికారు. నా సంచిలో ఒక కాగితం ఉంది. ప్రైవేటుగా బి.ఏ. కట్టే ఫారం. శనివారం ఆఖరు. మావారు సరే అంటే చాలు. మూడు నెలలుగా అడగడానికి నోరు రాలేదు, బస్సులో పక్కపక్కన కూర్చున్నప్పుడు అడుగుదామనుకున్నాను. తీరా మావారూ మాస్టారూ ఒక సీట్లో కూర్చున్నారు, నేను ఆడవాళ్ళ సీట్లో, ఒక కోళ్ళగంప పక్కన.

గన్నవరం జాడీ నలభై రోజులు నానిందట. మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పగానే ముక్కు అదిరింది. మాస్టారు గొడుగు కొనతో జాడీని చూపిస్తూ పాఠం చెప్పారు. ఇంటివాళ్ళు బల్ల దగ్గర వాడే బుల్లి గ్లాసుల్లో పోసి ఇచ్చారు. ఆ రసం వద్దనకూడదు, పారబోయకూడదు, మావాళ్ళ మర్యాద అది. మావారేమో యువజన కూటంలో చెయ్యెత్తి, పులిసినది ముట్టనని ఒట్టు పెట్టుకున్న మనిషి. మాస్టారు అటు తిరగ్గానే తన గ్లాసు నా చేతిలో పెట్టి, "ఇదిగో, ఇది కూడా కానిచ్చెయ్. నాకు ఒట్టుంది" అన్నారు గుసగుసగా. ఒట్టు ఆయనది, మింగటం నాది. గుడివాడలోనూ అదే తంతు. (అవి చిటికెన వేలంత గ్లాసులు. నాలుగూ కలిపినా పిచ్చుక కూడా తూలదు.)

ఉయ్యూరులో పాస్టరమ్మగారు మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, "మాది పులిసేది కాదండీ. పొద్దున్నే ఉడకబెట్టి వడగట్టాను. పసిపిల్లలకైనా పట్టొచ్చు" అన్నారు. అయినా మావారి గ్లాసు అలవాటుగా నా చేతిలోకే వచ్చింది. తాగాను. అప్పుడు లేచి నిలబడి, నా గొంతు నాకే కొత్తగా వినిపించేంత గట్టిగా అన్నాను: "ఏమండీ, పొద్దుట్నుంచీ మీ ఒట్టు నేను తాగుతున్నాను గదా! నాకు బి.ఏ. కట్టాలనుందండీ. శనివారం ఆఖరు. ఒక్కసారి సరే అనండి."

మాస్టారి గొడుగు కిందపడింది. మావారి ముఖం కందిపోయింది. కానీ మరుక్షణమే ఆయన పకపకా నవ్వారు. "చూశారా మాస్టారూ, ఎక్కేసింది!"

"ఆ గన్నవరం జాడీ చూసినప్పుడే అనుకున్నానోయ్. పాపం, అలవాటు లేని ప్రాణం. కాస్త మజ్జిగ పట్టించండమ్మా."

మజ్జిగ తెచ్చారు. అదీ తాగాను. (ఆ రోజు ఎవరేమిచ్చినా తాగాను.)

శనివారం వచ్చింది, పోయింది. ఫారం నా డైరీలో పేజీ గుర్తుగా మిగిలింది. సంఘం ఉయ్యూరు పద్ధతికే ఒప్పుకుంది. ఇప్పుడు నెలనెలా ఎండుద్రాక్ష ఉడకబెట్టేది నేనే. గుడంతా నా చేతి రసమే తాగుతుంది. "మా ఆవిడకి ఒక్క గ్లాసే ఇవ్వండి, బి.ఏ. గుర్తొస్తుంది" అని మావారు అన్నప్పుడల్లా నలుగురూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నా నవ్వు వేరే. ఏ మత్తూ లేకుండానే అరుగు మీద లేచి నిలబడ్డ ఆ పిరికిపిల్లను చూసి నవ్వుకుంటాను.

నేను చెప్పకుండానే కనిపెట్టిన మనిషి ఒక్కరే. ఆ సాయంత్రం బస్సెక్కిస్తూ పాస్టరమ్మగారు నా చెయ్యి పట్టుకుని, మగవాళ్ళిద్దరూ ముందుకెళ్ళేదాకా ఆగి, చెవిలో అన్నారు. ఆవిణ్ణి మళ్ళీ చూడలేదు. "నీకు ఎక్కలేదని నాకు తెలుసమ్మా. ఎక్కిందనే అనుకోనియ్. తాగి అన్నావంటే నవ్వేసి ఊరుకుంటారు. తెలిసి అన్నావంటే ఊరుకోరు."