కంది చేలో వెతికిన మందు

మా వైపు అర్జీ అంటే భూమి అర్జీయే. పాసుబుక్కు రాలేదనో, హద్దురాయి జరిపారనో, బండ్లబాట మూసేశారనో. అందుకే నా బిడ్డ మందు కోసం వికారాబాద్‌ కలెక్టరాఫీసు ముందు అర్జీ రాయించినప్పుడు, రాసే పెద్దమనిషి అలవాటు కొద్దీ "సర్వే నంబర్ చెప్పమ్మా" అన్నాడు. నేనూ అలవాటు కొద్దీ చెప్పేశాను. యాలాల్ దగ్గరున్న మా కంది చేను నంబర్ కాగితం పైభాగాన ఎక్కింది. దాని కింద, గంజాయిని మందుగా వాడటానికి రాష్ట్రం అనుమతి ఇవ్వాలని వినతి.

నా బిడ్డకు పదకొండేళ్ళు. మూర్ఛ రోగం. మూడు రకాల గోలీలు మింగినా వారంలో నాలుగైదు సార్లు పడిపోతుంది. లేచాక కాసేపు నన్ను కూడా గుర్తుపట్టదు. ఆ కాసేపు నాకు ప్రాణం పోయినట్టే ఉంటుంది. ఆ మొక్క నుంచి మత్తు తీసేసి చేసిన మందు ఒకటుందని, కొందరు పిల్లలకు పనిచేస్తుందని, అందరికీ చెయ్యదని, ఇక్కడ దొరకడం కష్టమని హైదరాబాద్ డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. తాండూరులో వకీలును అడిగితే, చట్టంలో వైద్యానికి దారి ఉంది, రాష్ట్రం నియమాలు రాసి తెరవాలి అన్నాడు. అడిగేవాళ్ళు లేకపోతే ఎవరు తెరుస్తారు? అడగడానికే వెళ్ళాను.

నాలుగు రోజులకు ఎక్సైజ్ వాళ్ళ జీపు వచ్చింది, మా చేనుకే. కంది సాళ్ళ మధ్య దొంగచాటుగా గంజాయి పెంచి పట్టుబడ్డవాళ్ళు మా వైపు ఉన్నారు కాబట్టి, వచ్చినవాళ్ళ అనుమానం అది. సాలు సాలు తిరిగారు. "ఏడ పెట్టినవమ్మా?" అని అడిగాడు వాళ్ళ సార్.

"పెట్టుకునేదాన్నయితే మీకు అర్జీ ఎందుకు పెడత సార్? దొంగలు సర్వే నంబర్ రాసిస్తరా?"

ఆయనకు నవ్వొచ్చింది. నాకు రాలేదు. జీపు పోయేసరికి ఊరంతా గట్టు మీదే ఉంది.

"ఇగ ఊకో. ఇజ్జత్ పోయింది," అన్నాడు మా ఆయన.

"ఇజ్జత్ పోతే పోయింది. బిడ్డ రోగం పోయిందా?" అన్నాను. ఆయన ఆ పూట అన్నం తినలేదు. నేను తిన్నాను.

ఆ వారమే మహిళా సంఘం మీటింగులో లేచి నిలబడ్డాను. "ఏందక్కా, మాకు గూడ జర తెస్తవా?" అని నవ్వారు. నవ్వనిచ్చాను. తర్వాత డాక్టరమ్మ రాసిన కాగితం చేతికిచ్చాను. ఇది పొగ కాదు, డాక్టర్ చీటీ మీద చుక్కలు కొలిచి ఇచ్చే మందు అని చెప్పాను. అందరికంటే ఎక్కువ నవ్వినామె అందరికంటే ముందు సంతకం పెట్టింది. గ్రామసభలో తీర్మానం పెట్టమని పట్టుబట్టాం. ఇద్దరు పెద్దమనుషులు లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు చేతులెత్తారు. నకలు ఎమ్మెల్యే ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు రాయించుకున్నాం.

ఆ తర్వాతి సోమవారం, అర్జీలు తీసుకునే రోజు, కొత్త అర్జీ రాయించి అసలు కాగితాలతో మళ్ళీ వికారాబాద్. ఈసారి బిడ్డ కూడా వచ్చింది. అర్జీ కింద తానూ సంతకం పెడతానంది. ముందురోజే మూర్ఛ వచ్చి పడింది, ఇంకా కుదుటపడలేదు. అక్షరాలు రెండు గీతల మీదికి పాకాయి.

బల్ల దగ్గర అర్జీలు తీసుకుంటున్నాయన చూసి, "చిన్నపిల్ల సంతకం చెల్లదమ్మా, కొట్టేసి ఇయ్యి," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "పడేది ఆమె, గోలీలు మింగేది ఆమె. కావాలంటే నాది కొట్టెయ్యండి సార్. ఆమెది ఉంటది."

కొట్టెయ్యమన్నట్టు పెన్ను నా వైపు జరిపాడు. నేను ముట్టుకోలేదు. వరుస కదలడం లేదని వెనక గొణిగారు. నేనూ కదలలేదు. చివరికి ఆయనే అర్జీ ముట్టినట్టు వేసే ముద్ర తీసి, నా బిడ్డ పేరు మీద పడకుండా పక్కకు జరిపి కొట్టాడు.