బొటనవేలంత వైరు

బాన్సువాడలో బండ్ల మీద అమ్మే బత్తాయిల గురించి నాకొక ఫిర్యాదు ఉంది. చూడ్డానికి రెండు చేతులతో పట్టుకోవాల్సినంత ఉంటాయి. ఇంటికి తెచ్చి ఒలిస్తే తోలంతా ఒక కుప్ప, లోపల నిమ్మకాయకు పెద్దన్నలాంటి పండు ఒకటి. అందుకే ఒకటి కోసి చూపిస్తే తప్ప నేను కొనను. బండ్లవాళ్లకు నా మీద ఏమంత ప్రేమ లేదు.

అది 2023 ఎండాకాలం. బోధన్ రోడ్డు మీద నాది ఆటో ఎలక్ట్రికల్ షాపు. సెల్ఫ్ మోటార్లు, ఆల్టర్నేటర్లు, బండ్ల వైరింగు చేస్తాను. ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి ఈ పనిలోకి దిగినందుకు మా చుట్టాలు మొదట్లో బాధపడ్డారు. వాళ్ల బండ్లు ఒక్కొక్కటే దారిలో ఆగిపోవడం మొదలయ్యాక ఆ బాధ తగ్గింది.

నిజాంసాగర్ దగ్గరి తండా నుంచి గోపి నాయక్, అతని భార్య శాంతబాయి ఒక పికప్ వేసుకొని వచ్చారు. వాళ్లది బతికిన చేపల వ్యాపారం. ప్రాజెక్టులో పట్టిన బొచ్చె, రవ్వ చేపలను నీళ్ల ట్యాంకులో వేసుకొని, మద్నూర్ దాటి, మహారాష్ట్రలో సోమవారం సంతకు తీసుకుపోతారు. దారి పొడుగునా ఆ నీళ్లలోకి గాలి కొట్టడానికి ఆరు పంపులు ఉన్నాయి. అవి ట్యాంకు పక్కన పెట్టిన బ్యాటరీ మీద నడుస్తాయి. ఇంజను తిరుగుతున్నంతసేపూ కరెంటు తయారుచేసి బ్యాటరీని నింపే యంత్రమే ఆల్టర్నేటర్. కంపెనీ ఇచ్చినది ఆరు పంపులకు చాలలేదు. నూటయాభై ఆంపుల హై ఔట్‌పుట్ ఆల్టర్నేటర్ తెప్పించి నేనే బిగించాను.

ముందున్న ఆల్టర్నేటర్ నుంచి వెనకున్న బ్యాటరీ దాకా వేయాల్సిన కేబుల్ మాత్రం నాయక్ తనే కొనుక్కొచ్చాడు. రెండు కొసలకూ లగ్గులు, అంటే బోల్టుకు బిగించే రాగి చెవులు, ముందే కొట్టించాడు.

"సూడు తమ్మీ, బొటనవేలంత ఉన్నది!"

మా దిక్కు వైరును నంబరుతో అడిగేవాళ్లు తక్కువ. చిటికెనవేలంత, బొటనవేలంత అంటారు. మిగిలిన మూడు వేళ్లు ఏ పనికి వస్తాయో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. నేను నా బొటనవేలు పక్కన పెట్టి చూశాను. వైరే గెలిచింది. "మస్తుందన్నా" అన్నాను. నాలుగేళ్లు ఇంజనీరింగు చదివినవాడు ఇచ్చిన సాంకేతిక అభిప్రాయం అది.

ఆ తరువాతి మంగళవారం పొద్దున శాంతబాయి షాపులోకి వచ్చి, చచ్చిన బొచ్చె చేపను నా టేబుల్ మీద పెట్టింది. మామూలుగా కస్టమర్లు కాలిపోయిన పార్టు తెస్తారు.

"ఏమైందక్కా?"

"ఏమైతది? మద్నూర్ రాకముందే బుడగలు సన్నగైనయ్. సంతకు పోయేసరికి సగం చేపలు ఎల్లెలకల పడ్డయ్. ఆడ మా చేపలు కొనే సేఠ్ ఏమన్నడో ఎర్కేనా? 'మేలేలా మాసా నకో' అన్నడు. సచ్చిన చేప వద్దంట. ఇంకొక్కపారి గిట్ల తెస్తే బండి మల్పుకొని పొమ్మన్నడు."

"గా సేఠ్ కాదంటే మా పని ఖతమే తమ్మీ" అన్నాడు వెనకే వచ్చిన నాయక్. "ట్యాంకు దింపి గడ్డి తోలుకునుడే. ఆల్టర్నేటర్ డూప్లికేట్ గావచ్చు?"

బండి స్టార్టు చేసి, ఆరు పంపులూ వేసి, మీటరు పెట్టాను. ఆల్టర్నేటర్ దగ్గర 14.2 వోల్టులు. వెనక బ్యాటరీ దగ్గర 12.4. ఆల్టర్నేటర్ నిర్దోషి. 1.8 వోల్టులను దారిలో ఎవరో తినేస్తున్నారు. దీన్ని వోల్టేజ్ డ్రాప్ అంటాం. సన్న వైరులో ఎక్కువ కరెంటు పారిస్తే కొంత జోరు దారిలోనే వేడిగా మారి పోతుంది. చివరన ఉన్న పంపుకు మిగిలింది అందుతుంది.

వైరు విప్పి, నడిమికి కోశాను. మందమైన రబ్బరు తొడుగు, లోపల పెన్సిలంత తీగల కట్ట. బ్లేడుతో గీకితే ఎర్రరంగు పోయి తెల్లగా తేలింది. రాగి పూత పూసిన అల్యూమినియం.

"లోపట గింతేనా?" అన్నాడు నాయక్.

"గింతే అన్నా."

నా బొటనవేలును జేబులో పెట్టుకున్నాను.

అప్పుడు, మొదటి రోజే చేయాల్సిన పని చేశాను. అట్టముక్క మీద లెక్క వేశాను. కేబుల్ సైజుకు తెలియాల్సినవి మూడే: ఎంత కరెంటు, ఎంత దూరం, ఎంత డ్రాప్ ఓర్చుకోగలం. కరెంటు తొంభై ఆంపులు. దూరం ఆరు మీటర్లు, రానూ పోనూ పన్నెండు. డ్రాప్ 0.4 వోల్టులు మించకూడదు. రాగికైతే నలభై ఏడు చదరపు మిల్లీమీటర్లు వచ్చింది. ఆ సైజు దొరకదు కనుక ఆ పైది, యాభై. ఇది కోసినప్పుడు లోపల కనిపించే రాగి కొలత. తొడుగుకు ఇందులో వాటా లేదు.

నిజామాబాద్ పోయి అసలు రాగిది తెచ్చాను. కేబుల్ ఎక్కడైనా రాసుకుపోయి బాడీకి తగిలినా బండి అంటుకోకుండా, దాని రెండు కొసల దగ్గరా ఫ్యూజులు పెట్టాను. బిగించి, పంపులు వేసి, సగర్వంగా మీటరు పెట్టాను.

13.1.

రావాల్సింది 13.8. బోల్టులు మళ్లీ బిగించాను. లగ్గులు తుడిచాను. మీటరును అనుమానించి దాని సెల్లు మార్చాను. 13.1. బోర్లించిన చేపల డబ్బా మీద కూర్చొని శాంతబాయి ఇదంతా చూస్తోంది.

"తమ్మీ, కరెంటు పోవుడు గీ వైరుల పోతది. మల్ల వచ్చుడు దేంట్లకెళ్లి వస్తది?"

"బండి బాడీ మీదికెళ్లి అక్కా. అన్ని బండ్లకూ అంతే."

"మా ఆయన ట్యాంకుకు నీళ్లు పోయే పైపు లావుది ఏసి, వచ్చే పైపు సన్నది ఏసిండు. మోటరు మొత్తుకున్నది గని నీళ్లు తిరగలే. పోయేది, వచ్చేది ఒక్క తీరు ఉండాలె గద?"

నాయక్‌కు అప్పుడే టైరులో గాలి చూడాలనిపించింది.

నేను అట్టముక్క చూశాను. నా చేతిరాతే: 'రానూ పోనూ 12 మీ.' లెక్క రెండు దారులకూ వేసి, వైరు ఒక దారికే వేశాను. వెనక్కి రావాల్సిన తొంభై ఆంపులూ పెయింటు మీద బిగించిన ఒక తుప్పు బోల్టు గుండా, ఇంజనుకున్న సన్నటి ఎర్త్ పట్టీ గుండా ఈదుకుంటూ వస్తున్నాయి. బ్యాటరీ మైనస్ నుంచి ఆల్టర్నేటర్ బాడీ దాకా రెండో యాభై స్క్వేర్ కేబుల్ లాగాను.

13.8. ఆ సంగతి మెల్లగానే చెప్పాను. చుట్టుపక్కల నాలుగు షాపులకు వినబడిందట.

సోమవారం షాపు మూసి నేనూ బండెక్కాను. టెస్టింగు అని చెప్పాను కానీ, షాపులో కూర్చుంటే గోళ్లు మిగిలేవి కావు. మద్నూర్ దగ్గర లారీల వెనక అరగంట ఇరుక్కున్నాం. నిప్పులు కురిసే ఎండ. "అన్నా, రేసు తగ్గించకు, కరెంటు తగ్గుతది" అని నాయక్‌కు చెప్పి, కిటికీలోంచి తల బయటపెట్టి, వెనక ట్యాంకు పక్కన కూర్చున్న శాంతబాయిని అరిచి అడిగాను.

"అక్కా, బుడగలు?"

"పాలు పొంగినట్టు పొంగుతున్నయ్, నువ్వు లోపట కూసో!"

సంతలో సేఠ్ మావైపు చూడకుండానే అన్నాడు, "మేలేలా నకో, భావూ."

శాంతబాయి ట్యాంకు మూత ఎత్తింది. ఒక బొచ్చె ఎగిరి సేఠ్ తెల్లచొక్కాకు కొట్టుకొని కింద పడి తన్నుకుంది. ఆయన చొక్కాను చూసుకున్నాడు, చేపను చూశాడు, ట్యాంకులోకి వంగి చూశాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి త్రాసు తెమ్మని అరిచాడు: "కాటా ఆణ్ రే!"

ఒక్కటీ చావలేదు. వచ్చే సోమవారం ఇంకో ట్యాంకు తేగలరా అని సేఠే అడిగాడు. నాయక్ నన్ను అమాంతం కౌగిలించుకున్నాడు. ఆ వాసన రెండు రోజులు పోలేదు. పోగొట్టడానికి నేనూ అంత కష్టపడలేదు.

ఆ తర్వాత చేపల బండ్లు ఇంకో నాలుగు నా దగ్గరికే వచ్చాయి. ఇప్పుడు మా షాపులో వేళ్ల కొలతలు బంద్. లగ్గులు కొట్టిన కేబుల్ ఎవరు తెచ్చినా ముందు కోస్తాను, తర్వాత మాట్లాడతాను. ఆ అలవాటు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఆ సంత రోజు తిరుగుదారిలో, మద్నూర్‌లో దొరికింది.

నాయక్ సంబరంగా బత్తాయిల బండి దగ్గర పికప్ ఆపి, "ఎన్ని గావాల్నో తీస్కో తమ్మీ" అన్నాడు. నేను అన్నిటికన్నా పెద్దది ఏరి, అలవాటు కొద్దీ బండివాడికి ఇచ్చి, "ముందుగాల గిది కోసి సూపియ్యి" అన్నాను.

శాంతబాయి నన్ను ఎగాదిగా చూసింది.

"తినే పండునైతే కోసి సూపియ్యమంటవ్. మరి నా చేపల పానం నిలిపే వైరును ఎందుకు కోసి సూడలే?"