ఎర్రబడిన గడి

మొన్న మంగళవారం పొద్దున్నే తెనాలి నుంచి ఫోన్ వచ్చింది. మా జువాలజీ మేడం పోయారు. రొమ్ము క్యాన్సర్‌తో నాలుగేళ్ళు పోరాడారని అందరూ అంటున్నారు గానీ, ఆ మాట ఆవిడకి గిట్టేది కాదు. "పోరాటమేంటమ్మా, మందులేసుకుంటున్నాను, అంతే" అనేవారు. మీలో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళుంటే ఆ గొంతు వినిపించే ఉంటుంది.

నేను బాపట్ల నుంచి రోజూ రైల్లో తెనాలి కాలేజీకి వెళ్ళేదాన్ని. మేడం ప్రాక్టికల్స్‌లో ఒకే స్లైడును ఇద్దరు విద్యార్థులం విడివిడిగా, మాట్లాడుకోకుండా చూసి కణాలు లెక్కపెట్టాలి. లెక్క కలవకపోతే మళ్ళీ మొదటికే. అలా నాకు ఎన్ని రైళ్ళు తప్పిపోయాయో. మనసులో తిట్టుకుంటూ కూర్చుంటే మేడం తన టిఫిన్ డబ్బాలో సగం నా ముందు పెట్టేవారు.

తర్వాత హైదరాబాదులో ఒక క్యాన్సర్ ఆసుపత్రి ల్యాబులో నాకు ఉద్యోగం వచ్చింది. రోగుల జన్యువుల్లో కనిపించిన మార్పులను కంప్యూటర్లో ఎక్కించాలి. ఏ మార్పు జబ్బు తెస్తుందో, ఏది ఏమీ చెయ్యదో పాత రిపోర్టులతో పోల్చి రాయాలి. అక్కడా మేడం పద్ధతే. ఒక్కో రిపోర్టును ఇద్దరం విడిగా టైపు చేస్తాం, తేడా వస్తే కంప్యూటర్ తెర మీద ఆ గడి ఎర్రబడుతుంది.

ఆవిడ రక్తం మా ల్యాబుకే వచ్చింది. ఆ రిపోర్టు కోసం ఆవిడ ఎదురుచూసింది తన కోసం కాదు, రేపల్లెలో ఉన్న చెల్లెలి కోసం. ఆవిడ జన్యువులో కనిపించిన మార్పు జబ్బు తెచ్చేదైతే చెల్లెలికీ ముప్పు ఉండొచ్చు. మా దగ్గరున్న రికార్డుల్లో అలాంటి మార్పు ఇంకెవరిలోనూ లేదు. 'తెలియదు' అని రాయాల్సిన చోట నా వేళ్ళు 'హాని లేదు' అని కొట్టేశాయి. పక్క సీటతను ఉన్నదే రాశాడు. గడి ఎర్రబడింది. దిద్దుకున్నాను.

సిగ్గుపడుతూనే ఆవిడకి చెప్పాను. చాలాసేపు నవ్వారు. "నీ పేపర్లు దిద్దేటప్పుడు రెండు మార్కులు ఎక్కువ వేద్దామని నాకూ చెయ్యి లాగేదమ్మా. అయినా వెయ్యలేదు" అన్నారు. మళ్ళీ ఆవిడే, "మా చెల్లికి ఉన్నది ఉన్నట్టు నువ్వే చెప్పు. నా వల్ల కావడం లేదు" అన్నారు. సరేనన్నాను. ఇవాళ రేపు అంటూ వాయిదా వేశాను. అదే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

మంగళవారం నేను తెనాలి చేరేసరికి అంతా అయిపోయింది. చివరి చూపు కూడా దక్కలేదు. చెల్లెలుగారే నన్ను పక్కకి పిలిచారు.

"అమ్మాయ్, అక్క రిపోర్టు చూసింది నువ్వే కదా. నా సంగతేంటి?"

"తెలియదండి. ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. మీరు మాత్రం ఏటా పరీక్ష చేయించుకోవాలండి."

ఆవిడ తలూపారు. లోపల్నుంచి ఎవరో గ్లాసులెక్కడున్నాయని అడిగితే, "మూడో అరలో" అని జవాబిచ్చారు. ఆ మాట చెబుతూనే ఎడమ చేత్తో తన కుడి చంక కింద మెల్లగా తడుముకుంటున్నారు.